నీటికి గెనిమ వేసేదెవరు?

ఇటీవల ఒక అధ్యాపకుల సభలో పులికాట్ సరస్సును గురించి రెండు ఉపన్యాసాలు విన్నాను. మొదట మాట్లాడిన మిత్రుడు పక్షి ప్రేమికుడు. "సరస్సు చచ్చిపోతున్నది. దాన్ని చంపుతున్నవి వలలు. పక్షికి ఓటు లేదు, జాలరికి ఓటు వుంది. కనుక ఏ ప్రభుత్వమూ నిబంధనలు గట్టిగా అమలు చెయ్యదు. హద్దులు గీసి, మనుషుల్ని బయట పెడితే తప్ప ఫ్లెమింగో మిగలదు" అన్నాడాయన. ఆయన తర్వాత లేచిన యువకుడు మన శిబిరంలోని వాడే. "కొంగల కోసం కూలివాడి కడుపు కొట్టే చట్టం మనకక్కరలేదు. అభయారణ్యమన్నది పట్నాల్లో తీరిక వున్న వర్గం సరదా. ఆ గీత చెరిపేసి ఫ్యాక్టరీలు రానివ్వండి, పనులు దొరుకుతాయి" అని బల్ల గుద్ది చెప్పాడు. సభ ఇద్దరికీ చప్పట్లు కొట్టింది. నేను ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. ఆ విభేదానికి కారణం పుస్తకాల్లోనే కాదు, తడ దగ్గర రేవులో కూడా దొరికింది. అది చెప్పటానికే ఈ వ్యాసం.

ఆంధ్ర తీరంలో సముద్ర జాతీయ పార్కు అనేది లేదు. కోరంగి, కృష్ణా, పులికాట్ - ఈ ఉప్పునీటి ప్రాంతాలను వన్యప్రాణి అభయారణ్యాలుగా ప్రకటించారు. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలకా తర్వాత పెద్దది పులికాట్. దీనిలో అత్యధిక భాగం ఆంధ్రలో వుంది. దక్షిణపు కొస తమిళనాడులో వుంది. తూర్పున శ్రీహరికోట ద్వీపం సముద్రాన్ని అడ్డుకుంటుంది. పడమటి నుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి మంచినీళ్ళు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్ళు తెస్తుంది. ఈ రెండు నీళ్ళూ కలిసేచోట రొయ్య పెరుగుతుంది, చేప పెరుగుతుంది, చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. మన వైపు భాగాన్ని 1976లోనూ, తమిళనాడు వైపు భాగాన్ని 1980లోనూ అభయారణ్యాలుగా ప్రకటించారు. ఒకే నీళ్ళకు రెండు ప్రభుత్వాలు, రెండు పటాలు.

మొన్న చలికాలంలో నేనూ, కొందరు విద్యార్థులూ తడలో దిగి భీమునివారిపాళెం రేవుకు వెళ్ళాం. తడ నెల్లూరు తీరపు ఊరు; 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో పడింది గాని, మాటా కూడూ నెల్లూరివే. రేవులో ఒక బోర్డు వుంది. "అభయారణ్యం. వేట నిషిద్ధం" అన్నది దాని సారాంశం. ఆ రెండు మాటల దగ్గరే మా విద్యార్థులు ఆగిపోయారు. కనుచూపు మేరా నీళ్ళే, అరణ్యం ఎక్కడ? ఇక రెండవ మాట మరీ విడ్డూరం. చట్టం భాషలో వేట అంటే జంతువునో పక్షినో చంపటం. ఈ తీరంలో వేట అంటే చేపలు పట్టే వృత్తి. "వేటకు పోయినాడు" అంటే పనికి పోయాడని అర్థం. బోర్డు రాసినవాడు కొంగను కొట్టవద్దని చెప్పాలనుకున్నాడేమో గాని, చదివే జాలరికి "నీ పని నిషిద్ధం" అని అర్థమవుతుంది. రాసినవాడి వేట వేరు, చదివేవాడి వేట వేరు. ఈ తేడా భాషలో మాత్రమే వున్నదనుకుంటే పొరపాటు. అది చట్టంలో కూడా వున్నది.

పడవ నడిపే పెద్దాయన్ని అడిగాను: "పెద్దాయనా, ఏది లోపల, ఏది బయట? ఎక్కడ వల వెయ్యచ్చు, ఎక్కడ వెయ్యకూడదు?"

ఆయన నవ్వాడు. "పొలానికైతే గెనిమ ఉంటది సార్. నీళ్ళకు గెనిమ యాడుంది? వొచ్చినాయన ఇది లోపల అంటే లోపల, ఇంకొకాయన వొచ్చి బయట అంటే బయట."

గెనిమ అంటే ఈ ప్రాంతంలో పొలం గట్టు. ఆయన వెటకారానికి అనలేదు. ఇరకం దీవి నుంచి సరుకులకూ, ఆసుపత్రికీ పడవ మీద వచ్చిపోయేవాళ్ళు రోజూ దాటే నీళ్ళకు గీత వుందని అందరికీ తెలుసు, ఎక్కడున్నదో చెప్పగలవాళ్ళు మాకు కనిపించలేదు. కొంచెం అవతల నడుంలోతు నీళ్ళలో యానాది ఆడవాళ్ళు చేతులతో తడిమి రొయ్యలు పడుతున్నారు. ఒకామెను అదే ప్రశ్న అడిగాను. "వలున్నోళ్ళకైతే వల లాక్కుంటారంట. మాకు వలే లేదు సామీ, చేతులే" అన్నది. రేవులో మేం మాట్లాడినవాళ్ళలో ఒక్కరి దగ్గర కూడా ఆ నీళ్ళలో తమకు హక్కున్నదని చెప్పే కాగితం ముక్క లేదు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని మన అధ్యాపకులు చాలామంది పేరు విని ఊరుకుంటారు. దాన్ని చదవాలి. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఎవరు రావచ్చునో 27వ సెక్షన్ చెబుతుంది: డ్యూటీ మీద వున్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించటానికి అనుమతి పొందినవాడు, లోపల స్థిరాస్తి మీద హక్కున్నవాడు, బహిరంగ రహదారి మీద పోయేవాడు, మొదటి ముగ్గురి మీద ఆధారపడ్డవారు. ఏ పనులకు అనుమతి ఇవ్వవచ్చునో 28వ సెక్షన్ చెబుతుంది: వన్యప్రాణుల పరిశీలన, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో న్యాయమైన వ్యవహారం. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫొటో తీసేవాడికి పేరుంది. పడవ టికెట్టు కొన్న నాకు పేరుంది. స్థిరాస్తి వున్నవాడికి పేరుంది. నడుంలోతు నీళ్ళలో నిలబడి రొయ్య పట్టే ఆమెకు అక్కడ పేరు లేదు. ఆమె ఆస్తి స్థిరమైనది కాదు; అది పోటుతో వచ్చి పాటుతో పోయేది.

"చట్టం భూమిని గురించి రాసింది, నీళ్ళను మరచిపోయింది, అంతే" అని ఎవరైనా సమర్థించవచ్చు. అదీ నిజం కాదు. అదే చట్టం 2వ సెక్షన్‌లో "భూమి" అన్న మాటకు అర్థం చెబుతూ కాలువలు, నదులు, సరస్సులు, చిత్తడి నేలలు కూడా భూమే అన్నది. సరస్సును గీత లోపలికి తీసుకోవటానికి నీళ్ళు భూమి అయినాయి. మరి నీళ్ళు భూమే అయితే, నీళ్ళ మీద తరతరాల హక్కు భూమి మీది హక్కే కావాలి కదా? 19వ సెక్షన్ నుంచి 24వ సెక్షన్ దాకా చదివితే, కలెక్టరు విచారణ జరిపి ఎవరికి ఏ హక్కున్నదో తేల్చాలనీ, స్థానిక భాషలో ప్రకటన చెయ్యాలనీ, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారితో సంప్రదించి హక్కును కొనసాగనివ్వచ్చుననీ వుంది. సముద్రజలాలను అభయారణ్యంలో చేర్చేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్న తర్వాతే హద్దులు నిర్ణయించాలని 26-ఏ సెక్షన్ చెబుతున్నది. అంటే చట్టంలో తలుపు వుంది. ఆ తలుపు తట్టటానికి కాగితం కావాలి, ప్లీడరు కావాలి, పోగొట్టుకున్నా ఫరవాలేని పనిదినాలు కావాలి. ఇవి రొయ్యల చెరువు యజమానికి వున్నాయి. చేతులతో రొయ్య పట్టేవారికి లేవు.

ఇప్పుడు మొదటి మిత్రుడికి జవాబు. సరస్సు జబ్బుపడిందన్న మాట నిజం. జబ్బుకు కారణం వల అన్నదే తప్పు. సన్నకన్ను వలలతో పిల్లచేపను కూడా ఊడ్చుకుపోవటం చెడ్డదే. దాన్ని నేను సమర్థించను. కాని రాయదొరువు, తూపిలిపాళెం ముఖద్వారాలను ఇసుకతో మూసింది వల కాదు. ముఖద్వారం పూడితే సముద్రపు నీరు రాదు, రొయ్యపిల్ల రాదు, ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సుకు అడ్డంగా వేసిన రోడ్డు నీటి నడకను రెండుగా చీల్చింది. వేసవిలో ఉత్తర భాగం ఎండి బీటలు వారుతుంది. ఇది జాలరి చేసిన పని కాదు. లోతు తగ్గిన నీళ్ళలో పదిమంది వలవేస్తే చేప తగ్గటం సహజమే. తగ్గిన చేపకు వలను నిందించి, తగ్గిన నీళ్ళను గురించి మాట్లాడకపోవటం శాస్త్రం కాదు, పక్షపాతం.

ఇక నిబంధనలు అమలుకాకపోవటానికి జాలరి ఓటే కారణమంటున్నారు. చరిత్ర చూద్దాం. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో, చిలకా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు కట్టరాదని తీర్పు ఇచ్చింది. పులికాట్ పేరూ, నేలపట్టు పేరూ ఆ తీర్పులోనే వున్నాయి. ఇంతకంటే స్పష్టమైన గీత ఏముంటుంది? తర్వాత ఏమయింది? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 1991 ఫిబ్రవరి నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లోని నిషేధాలు తీర ఆక్వాకల్చర్‌కు వర్తించవనీ, ఆ మినహాయింపు 1991 నుంచే వున్నట్టు భావించాలనీ ఆ చట్టం 27వ సెక్షన్ చెప్పింది. పద్నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి, లేని మాటను వున్నట్టు రాశారు! చెరువు యజమాని కోసం కాలం కూడా వెనక్కి నడిచింది. ఇది ఎవరి ఓటు చేసిన పని?

కొల్లేరు కథ చూడండి. 1999లో అయిదవ కాంటూరు దాకా సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు బద్దలు కొట్టారు. 2008లో శాసనసభ ఆ గీతను మూడవ కాంటూరుకు తగ్గించాలని తీర్మానం చేసింది. కొల్లేరులో బతికే పేదలు కూడా గీతవల్ల నష్టపోయారు. ఆ సంగతి దాచను. కాని ఆ పేదల పేరు చెప్పి గీతను వెనక్కి జరపాలన్నవారు పేదల హక్కులను పేరుపేరునా రాసిమ్మని అదే పట్టుదలతో అడిగారా? 2019 తీరప్రాంత నోటిఫికేషన్ చూడండి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161కి మించిన గ్రామీణ తీరంలో, కట్టడాలు నిషేధించిన మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. గీత జరగదని ఎవరన్నారు? డబ్బు తోస్తే జరుగుతుంది. అది జరగనిదల్లా చేతులతో రొయ్యపట్టే మనిషి అడిగినప్పుడే.

రెండవ మిత్రుడికి, అంటే మనవాడికి జవాబు చెప్పటం నాకు ఇంకా ముఖ్యం. ఎందుకంటే అతడి కోపం న్యాయమైనది, అతడి ముగింపు ప్రమాదకరమైనది. గీత చెరిపేస్తే ఆ నీళ్ళు జాలరివి అవుతాయని అతడు అనుకుంటున్నాడు. గీత లేనిచోట ఏం జరుగుతుందో తెలుసుకోవటానికి రేవు నుంచి తూర్పుకు చూస్తే చాలు. శ్రీహరికోట యానాదులు అడవి దుంపలూ, తేనే, మూలికలూ, చేపా రొయ్యా ఆధారంగా బతికినవాళ్ళు. 1969లో ఆ ద్వీపాన్ని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. రాకెట్ మీద నాకు ద్వేషం లేదు. శాస్త్రం మనది కూడా. కాని సుమారు 43 వేల ఎకరాల ద్వీపంలో తమకున్న హక్కును రాసిపెట్టిన పటం లేకపోవటం వల్లనే యానాదులు అక్కడినుంచి అంత సులభంగా కదలవలసి వచ్చింది. అప్పుడు అక్కడ అభయారణ్యం గీత లేదు. గీత లేకపోవటం వాళ్ళను కాపాడలేదు. గీత లేని నేల ఖాళీ నేల. ఖాళీ నేల బలమున్నవాడి నేల.

ఫ్యాక్టరీల మాట కూడా అంతే. తడ పరిసరాల్లో పరిశ్రమలు వచ్చాయి, పక్కనే శ్రీసిటీ వచ్చింది. పని దొరకటం మంచిదే; అక్కడ కార్మికుల సంఘం కట్టటం మన బాధ్యత. కాని షిఫ్టు పని దొరికింది గనుక సరస్సు పోయినా ఫరవాలేదనటం, ఒక కూలి కోసం మరో కూలిని వదులుకోమనటం. చదువులేని యాభయ్యేళ్ళ యానాది స్త్రీని ఏ గేటు లోపలికి రానిస్తుంది? ఆమెకు ఫ్యాక్టరీ ఈ సరస్సే. దాన్ని మూయించే సమ్మెకు మనం నాయకత్వం వహించలేము.

పైగా పక్షికీ మనిషికీ పోటీ వుందన్న మాటే అబద్ధం. గూడబాతులు నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, మేతకు పులికాట్ నీళ్ళకు వస్తాయి. నేలపట్టు రైతులకు ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు ఎరువు. వాళ్ళు పక్షుల్ని కాపాడింది 1976లో గీత గీసిన తర్వాత కాదు, అంతకు ముందునుంచే. నీళ్ళు తగ్గితే పక్షీ పోతుంది, జాలరీ పోతాడు. ఇద్దరి శత్రువూ ఒకటే. అయినా సూళ్లూరుపేట కేంద్రంగా జరిగే ఫ్లెమింగో పండుగలో (2025 జనవరిలోనూ జరిగింది) పక్షికి వేదిక మీద స్థానముంది. సరస్సు మీద బతికేవారు అక్కడ చూసే జనంలో వున్నారు, లేదా పడవ తోస్తున్నారు.

హద్దుల పద్ధతి అన్నదే పాలకుల కుట్ర అని కూడా అనకూడదు. జాలర్లకు తమ హద్దులున్నాయి. పులికాట్ దక్షిణ తీరంలో పట్నవర్ కులపు జాలర్లు "పాడు" అనే పద్ధతి పాటిస్తారు: ఏ చోటు ఎవరిది, ఏ రోజు ఎవరి వంతు అన్నది చీట్లు వేసి నిర్ణయిస్తారు. ఒకడే మంచి చోటును పట్టుకు కూర్చోడు. కాగితం మీద కనిపించని ఈ గెనిమ నీళ్ళమీద నిలుస్తుంది, ఎందుకంటే గీసినవాడూ పాటించేవాడూ ఒకడే. అయితే దీన్ని స్వర్గమని వర్ణించటం నా ఉద్దేశం కాదు. పాడులో వంతు ఆ కులపు మగవాడిదే. దళితులకు, తెగలవారికి, ఆడవాళ్ళకు అందులో చోటు లేదు. చట్టం మరచిపోయిన ఆమెను పాడు కూడా మరచిపోయింది. కనుక మనం కోరవలసింది పాత కట్టుబాటు తిరిగి రావటం కాదు. పనిచేసే ప్రతి మనిషికీ వంతు వున్న కొత్త కట్టుబాటు.

ఇతర చోట్ల ఏం చేశారు? ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ సముద్ర పార్కును 1975 చట్టంతో ఏర్పరచారు. 2004 జూలై నుంచి కొత్త హద్దులు అమలులోకి వచ్చాయి. చేప అసలు పట్టకూడని భాగం అయిదు శాతం లోపు నుంచి సుమారు మూడోవంతుకు పెరిగింది. అక్కడ రంగుల పటం వుంది: ఆకుపచ్చలో పట్టకూడదు, పసుపులో పరిమితంగా పట్టవచ్చు, లేతనీలంలో సాధారణ వినియోగం. నష్టపోయిన చేపల వ్యాపారానికి రెండువందల మిలియన్ డాలర్లకు పైగా చెల్లించారు. అది పెట్టుబడిదారీ దేశం. పరిహారంలో ఎక్కువ భాగం లైసెన్సులూ వ్యాపారాలూ వున్నవాళ్ళకే పోయింది. అయినా గీత గీస్తే ఖర్చు ప్రభుత్వం భరించాలన్న సూత్రాన్ని వాళ్ళు ఒప్పుకున్నారు. మన పక్కనే మన్నారు సింధుశాఖలో 1986లో ఇరవై ఒక్క దీవులతో సముద్ర జాతీయ పార్కు ప్రకటించారు. దీవుల చుట్టూ సముద్రపు నాచు ఏరుకుని బతికే రామనాథపురం స్త్రీలకు ఆ నీళ్ళు నిషిద్ధమైనాయి. అక్కడ ఖర్చు భరించింది ఆ స్త్రీలే. ఒకే రకమైన గీత; ఒకచోట పరిహారం, మరొకచోట పస్తు. తేడా గీతలో లేదు, గీత అవతల నిలబడ్డ మనిషి వర్గంలో వుంది.

కనుక మనం ఏం అడగాలి? మొదటిది, పటం. అభయారణ్యం హద్దు, దానిలోపల ఎక్కడ ఏ పని చెయ్యవచ్చు, ఏ నెలలో చెయ్యకూడదు అన్నది రంగుల్లో గీసి, తెలుగులోనూ తమిళంలోనూ ప్రతి రేవులో పెట్టాలి. అందులో "వేట" అన్న మాట రాసినవాడు ఏ వేటను గురించి రాస్తున్నాడో చెప్పాలి. రెండవది, హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ నీటివనరుల్లోని చేపల మీద సాముదాయిక హక్కును గుర్తిస్తున్నది. అభయారణ్యాలు కూడా ఆ చట్టం పరిధిలోనివే. యానాదులు షెడ్యూల్డ్ తెగ. ఇతర జాలరులు మూడు తరాల నివాసం రుజువు చెయ్యాలి. ఆ రుజువు వెతకటంలో ఉపాధ్యాయులు తోడు నిలబడవచ్చు. మూడవది, బలవంతుడి మీద అమలు. వెయ్యి మీటర్ల తీర్పును బీరువాలోంచి బయటికి తీయాలి. నాలుగవది, నీళ్ళు. ముఖద్వారాలు తెరవని, రోడ్డు కింద నీటికి దారి ఇవ్వని సంరక్షణ బోర్డుల సంరక్షణ మాత్రమే.

ఈ నాలుగింటిలో ఏదీ పక్షికి వ్యతిరేకం కాదు. ఏదీ గీతకు వ్యతిరేకం కాదు. మొదటి మిత్రుడు కోరే గీత నిలబడాలంటే దానికి కాపలా కావాలి. అద్దాల కళ్ళతో చలికాలంలో వచ్చిపోయే నాబోటివాడు ఆ కాపలా కాయలేడు. ఏడాది పొడుగునా ఆ నీళ్ళలో నిలబడేవాళ్ళే కాయగలరు. రెండవ మిత్రుడు కోరే కూలి నిలబడాలంటే సరస్సు నిలబడాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక విద్యార్థి ఆ పడవ పెద్దాయనకు తన నోటు పుస్తకంలో సరస్సు పటం గీసి చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, కలం తీసుకుని రెండుచోట్ల దిద్దాడు. "ఈడ నువ్వు లోతని రాసినావు. ఈడిప్పుడు మోకాలి బంటి కూడా లేదు. చేపపిల్ల పెరిగేది ఇదుగో, ఈడ. ఈడ ఎవురూ వలెయ్యకూడదు. మా పిలకాయలకు కూడా చెప్తా ఉండా" అన్నాడు.

వల వెయ్యకూడని చోటు ఏదో ఆయన మా పటం మీద తన చేత్తో గుర్తుపెట్టాడు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ముందు మనం అడుగుదాం. ఆ తర్వాత ప్రభుత్వం చేత అడిగిద్దాం.